రొదకూ ఒక దస్తూరి ఉంటుంది

మాస్టారు వస్తూనే మీటరు బోర్డు ఎక్కడని అడిగారు. నేను రిగ్‌ను, అంటే రేడియో సెట్టును, కారు బ్యాటరీకి తగిలించి ఆన్ చేసేలోపు ఆయన మెయిన్ స్విచ్ దించేశారు. ఫ్యాన్లు ఆగలేదు. మెట్ల కింద ఇన్వర్టర్ అందుకుంది. ‘దాన్ని కూడా ఆపు’ అన్నారు. ఇన్వర్టర్ ఆపి, బ్యాటరీ తీగ ఊడదీశాక ఇల్లు నిశ్శబ్దమైంది. రేడియోలో రొద మాత్రం చెక్కుచెదరలేదు. 7 మెగాహెర్ట్జ్ మీద, సిగ్నల్ బలం చూపే ఎస్-మీటరు ముల్లు 9 దగ్గరే ఉంది. ‘మనింటిది కాదు. ఇక బయట వెతుకుదాం’ అంటూ ఆయన గడియారం చూసి నోటుపుస్తకంలో వేళ రాసుకున్నారు.

ఈయన నాకు మోర్స్ నేర్పిన మనిషి. పోలీసు వైర్‌లెస్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాతి రోజుల్లో ఆయన పక్కన నడుస్తూ నేను చూసిన పనితనాన్ని రాసిపెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. కరెంటు లైను రొదను వెతికి పట్టుకోవడం పేరూ ప్రతిష్ఠా లేని విద్య. చేసేవాళ్లు కొద్దిమంది, చూసేవాళ్లు ఇంకా కొద్దిమంది. కానీ చక్కగా చేస్తే అది గొప్ప కంసాలి పనికి ఏమాత్రం తీసిపోదు.

మా ఊరు సముద్రానికి ఏడెనిమిది కిలోమీటర్లు. ఇంటి వెనక కొబ్బరితోట, తోట అవతల కాలవ గట్టు, గట్టు వెంట 11 కేవీ లైను. రెండు కొబ్బరిచెట్ల మధ్య తీగ యాంటెన్నా కట్టి, హామ్ (అమెచ్యూర్) రేడియో లైసెన్సు వచ్చిన నాటి నుంచి హాయిగా ఊసులాడుకున్నాను. ఒక ఏడాది సంక్రాంతి వెళ్లాక రొద మొదలైంది. ఇసక బాణలిలో శనగలు వేయిస్తున్నట్టు ఒకటే గరగర. ఎస్-మీటరులో ఒక్కో అంకె 6 డెసిబెళ్లు. మా ఇంట్లో మామూలుగా 3 దగ్గరుండే ముల్లు 9కి చేరిందంటే 36 డెసిబెళ్ల తేడా. అంటే రొద శక్తి దాదాపు 4,000 రెట్లు పెరిగింది. రొద మట్టం కింద పడ్డ గొంతులన్నీ మునిగిపోయాయి.

హామ్ రేడియోలో మాట్లాడటం సులువు, వినడమే కష్టం. పంపేవాడు వాట్లు పెంచుకోగలడు. వినేవాడికి ఉన్న ఆస్తి నిశ్శబ్దమొక్కటే. 2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడినప్పుడు, హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వెళ్లిన భారతీ ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. టెలిఫోన్లు మూగబోయిన ఆ రోజుల్లో అండమాన్ నుంచి కబుర్లు చేరవేయడానికి హామ్ రేడియో అక్కరకొచ్చింది. అలాంటి రోజున ఇవతల చెవి ఒగ్గినవాడి రిసీవర్ గరగరలాడుతూ ఉంటే, అవతలివాళ్ల శ్రమంతా నీటిపాలే.

ఇంతకీ ఈ రొద ఎక్కడ పుడుతుంది? లైనులో తీగకూ దాన్ని పట్టి ఉంచే లోహానికీ మధ్య వెంట్రుకవాసి సందు చాలు. పింగాణీ పిన్ ఇన్సులేటర్ మీద తీగను కట్టిన బైండింగ్ వదులవుతుంది. బిగువు లేని చోట డిస్కు ఇన్సులేటర్ల పిన్నులు తుప్పుపట్టి లోహానికి లోహం సరిగా తగలదు. గాలికి ఊగి ఊగి ఎక్కడో ఒక బోల్టు కింద వాషర్ సడలుతుంది. ఆ సందుకు అటూ ఇటూ వోల్టేజీ పెరిగి ఒక హద్దు దాటగానే నిప్పురవ్వ దూకుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక వోల్టేజీ సెకనుకు 50 సార్లు ధన శిఖరానికీ 50 సార్లు రుణ శిఖరానికీ చేరుతుంది. రవ్వలు ఆ శిఖరాల చుట్టూ గుంపులుగా పుడతాయి. రేడియోలో వినిపించే ఆ గరగర నిజానికి సెకనుకు 100 రవ్వల గుంపులు. ఒక్కో రవ్వ ఆయువు కంటిరెప్పపాటులో చాలా చిన్న భాగమే. అంత పొట్టిది కాబట్టే దాని చప్పుడు మీడియం వేవ్ నుంచి టీవీ బ్యాండ్ల దాకా అన్నిచోట్లా చల్లినట్టు పడుతుంది.

కరెంటు వాడకంతో దీనికి పని లేదు. ఊళ్లో ఒక్క మోటారు తిరగకపోయినా లైనులో వోల్టేజీ ఉన్నంతసేపూ రవ్వ దూకుతూనే ఉంటుంది. దీన్ని పెద్ద లైన్ల మీద వినిపించే కరోనా డిశ్చార్జ్‌తో కలపకూడదు. కరోనా వానలోనూ మంచులోనూ పెరుగుతుంది. సందు రొద గుణం వేరు. అది ఎండలో చెలరేగి తడిలో అణుగుతుంది, నీటి చుక్క ఆ సందును పూడ్చేస్తుంది కనుక.

మాస్టారు మొదటి రెండు రోజులు గడప దాటలేదు. గంట గంటకూ ముల్లు ఎంతుందో, ఆకాశం ఎలా ఉందో, గాలి ఎటు వీస్తోందో నా చేత రాయించారు. నాకు చిరాకేసింది, అప్పుడే గట్టు మీదికి పరుగెత్తాలని ఉంది. మూడో రోజు పొద్దున ఆ కాగితం చూశాక చిరాకు పోయింది. మంచు దట్టంగా కురిసిన తెల్లవారుజామున రొద లేదు. ఎండెక్కి కొబ్బరాకులు ఆరిన తొమ్మిది గంటలకు వచ్చింది. మధ్యాహ్నం నాలుగు చినుకులు పడగానే పోయింది, నేల ఆరగానే తిరిగొచ్చింది. ‘ఎల్‌ఈడీ బల్బయితే మంచుకి భయపడదు. ఇది లైను మీద సందే’ అన్నారాయన. ఒక్క అడుగు వేయకుండానే, వెతకాల్సింది ఏమిటో తేలిపోయింది. ఏ వేళ వెతకాలో కూడా తేలింది.

ఆ తర్వాత ఆయన చేసిన పని నాకు అన్నిటికన్నా నచ్చింది. చిన్న ఆసిలోస్కోపును రిసీవర్ స్పీకరు తీగకు కలిపారు. రిసీవర్‌ను ఏఎమ్‌లో పెట్టారు. ఎఫ్‌ఎమ్ రిసీవర్ అలల ఎత్తుపల్లాలను కత్తిరించేస్తుంది, రవ్వ జాడ ఉండేదేమో ఆ ఎత్తుపల్లాల్లోనే. తెర వెడల్పు 20 మిల్లీసెకన్లు, అంటే కరెంటు ఒక పూర్తి చుట్టు. గరగర అని చెవి కలిపేసిన రొద తెర మీద విడివిడి గీతలుగా నిలబడింది. ముందు ఏడు నిలువు గీతల గుంపు, తర్వాత ఖాళీ, 10 మిల్లీసెకన్లకు రెండో గుంపు. రెండో గుంపులో నాలుగే గీతలు, మొదటి రెండూ ఒరుసుకుంటున్నట్టు, చివరి రెండూ ఎడంగా.

‘ఇదీ దీని దస్తూరి’ అన్నారు మాస్టారు. ప్రతి సందుకూ దాని వెడల్పు దానిదే, లోహపు అంచుల వంపు దానిదే. ధన శిఖరం దగ్గర రవ్వ దూకే తీరు రుణ శిఖరం దగ్గర ఉండదు. కాబట్టి ఒక సందు గీసే గీతల వరస మరో సందు గీతలతో కలవదు. డాబా ఎక్కి, చేతి యాంటెన్నాతో 135 మెగాహెర్ట్జ్ దగ్గర సన్నగా వినిపిస్తున్న రొదనూ తెర మీద చూశారు. అదే వరస. రెంటినీ ఫొటో తీసి, మళ్లీ పెన్సిలుతో పుస్తకంలో గీసుకున్నారు. ఫొటో ఉందిగా అన్నాను. ‘గీస్తే చేతికి గుర్తుంటుందిరా’ అన్నారు.

ఈ పద్ధతిని అక్షరబద్ధం చేసినవాళ్లలో అమెరికా హామ్ మార్విన్ లాఫ్ట్‌నెస్ ముఖ్యుడు. ఆయన రాసిన ‘ఏసీ పవర్ ఇంటర్‌ఫియరెన్స్ హ్యాండ్‌బుక్’ ఈ విద్యకు పాఠ్యపుస్తకం లాంటిది. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్ కనుక గుంపులు సెకనుకు 120. అంతే తేడా, తక్కిన వ్యాకరణమంతా ఒకటే. ఆ పద్ధతికి ప్రాణం ఒక్క మాటలో ఉంది: లైను మీద రొద చేసేవి ఎన్నో ఉండవచ్చు, ఫిర్యాదు చేసినవాడి చెవిలో పడుతున్నది ఏదో తేల్చాలి. ఆ మాట బరువు నాకు కాలవ గట్టు మీద తెలిసింది.

గట్టు మీదికి మాస్టారు తెచ్చిన సామాను కొంచెమే. ఏఎమ్ వినగల చేతి రిసీవర్, పీవీసీ గొట్టానికి మూడు అల్యూమినియం కడ్డీలు తగిలించిన యాగి యాంటెన్నా, చప్పుడును మెట్టు మెట్టుగా తగ్గించే అటెన్యుయేటర్ డబ్బా. 7 మెగాహెర్ట్జ్ రిసీవర్‌తో స్తంభాల వెంట నడిస్తే ఏమవుతుందని అడిగాను. ‘నడిచి చూడు’ అన్నారు. నడిచాను. రొద ఒకచోట పెరిగింది, పదడుగులు వేస్తే తగ్గింది, ఇంకొంచెం పోతే మళ్లీ పెరిగింది. ఆ ఫ్రీక్వెన్సీలో లైనంతా యాంటెన్నాగా మారి కిలోమీటర్ల కొద్దీ రొదను మోస్తుంది. పైగా తీగ మీద నిలబడిపోయిన అలల వల్ల ఇంచుమించు 21 మీటర్లకొక శిఖరం వస్తుంది. ఏ స్తంభం ఆ శిఖరం కింద పడితే అదే దొంగలా కనిపిస్తుంది. ఫ్రీక్వెన్సీ పెంచేకొద్దీ రొద తీగ వెంట దూరం పోలేదు, పుట్టినచోటుకే అంటిపెట్టుకుంటుంది. అందుకే ఈ వేట పొట్టి తరంగాల దగ్గర మొదలై 135కి, అక్కడి నుంచి 430 మెగాహెర్ట్జ్‌కి ఎక్కుతుంది. దగ్గరయ్యేకొద్దీ మెట్టు పైకి.

డాబా మీద నుంచి రొద వస్తున్న దిక్కును పటం మీద గీత గీశారు. చెరువు మూల నుంచి రెండో గీత. రెండూ కలిసినచోట డీటీఆర్ (డిస్ట్రిబ్యూషన్ ట్రాన్స్‌ఫార్మర్) గద్దె, దాని అవతల నాలుగు స్తంభాలు ఉన్నాయి. డీటీఆర్ దగ్గరికి వెళ్లేసరికి చెవులు గింగుర్లెత్తాయి. ‘ఇదే మాస్టారూ!’ అని అరిచాను. అటెన్యుయేటర్ బిగించినా చప్పుడు తగ్గలేదు. కరెంటాఫీసుకి ఫోన్ చేద్దామని జేబులో చెయ్యి కూడా పెట్టాను. ఆయన నింపాదిగా ఆసిలోస్కోపు తగిలించారు. తెర మీద రెండు గుంపులు, ఒక్కోదాంట్లో మూడేసి గీతలు, సమానమైన ఎడంతో. ఆయన పెన్సిలు బొమ్మ తీసి పక్కన పెట్టారు. ఏడూ నాలుగూ ఎక్కడ, మూడూ మూడూ ఎక్కడ!

‘ఇదీ చెడ్డదే. కానీ మనింట్లో వినబడేది ఇది కాదు’ అని, స్తంభం నంబరు రాసుకుని ముందుకి నడిచారు. నేను అక్కడే ఒక్క క్షణం నిలబడిపోయాను. అంత పెద్ద చప్పుడు చెవిలో మోగుతుంటే దాన్ని కాదనుకుని ముందుకు నడవడానికి ఎంత నిగ్రహం కావాలి! మనం దానికి దగ్గరగా ఉన్నాం కనుక అది పెద్దగా వినిపిస్తోంది, అంతే. ఆ రోజు నేను ఫోన్ చేసి ఉంటే లైన్‌మ్యాన్ వచ్చేవాడు, డీటీఆర్ మీద ఏదో బిగించేవాడు, మా ఇంట్లో రొద అలాగే ఉండేది. రెండోసారి పిలిస్తే ఎవరొస్తారు?

డీటీఆర్ దాటాక మూడో స్తంభం కింద గీతలు కలిశాయి. ఏడు, ఖాళీ, నాలుగు. ఒరుసుకున్న రెండూ, ఎడంగా ఉన్న రెండూ. ఎన్నాళ్ల కిందటో వచ్చిన ఉత్తరం మీది చేతిరాతను జనంలో గుర్తుపట్టినంత సంబరమైంది నాకు. మాస్టారు సంబరపడలేదు. ముందరి స్తంభానికీ వెనక స్తంభానికీ నడిచి, రెండువైపుల నుంచీ యాంటెన్నా ముక్కు దీనివైపే తిరుగుతోందని చూసుకున్నారు. 430కి మార్చారు. యాగిని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి తిప్పి చూశారు. అప్పుడు తల ఊపారు.

స్తంభాన్ని లాగిపట్టే స్టే వైరును కాస్త ఊపితే రొద మారుతుందేమో చూద్దామా అని అడిగాను. ఆయన గొంతు పెంచింది ఆ ఒక్కసారే. ‘చెయ్యి వెయ్యకు! స్తంభాన్ని తట్టడం, స్టే వైరు లాగడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. సడలిన తీగ ఆ కుదుపుకి తెగిపడొచ్చు. పైగా కుదుపుకి సందు కాసేపు మూసుకుందంటే మన జాడ మనమే చెరిపేసుకున్నట్టు’ అన్నారు. రొద వెతికేవాడి చోటు నేల మీదే. స్తంభం లైన్‌మ్యాన్‌ది.

నేల మీద నుంచే స్తంభం నెత్తిన ఉన్న మూడు ఇన్సులేటర్లలో ఏదో చెప్పాలంటే? సంచిలోంచి ప్లాస్టిక్ గిన్నె లాంటి డిష్ తీశారు. దాని నాభి దగ్గర 40 కిలోహెర్ట్జ్ మైకు. రవ్వ రేడియో తరంగాలతో పాటు మనిషి చెవికందని పైస్థాయి శబ్దాన్నీ పుట్టిస్తుంది. డిష్ దాన్ని పోగుచేసి, మన చెవి స్థాయికి దించి వినిపిస్తుంది. గాలిలో ఆ శబ్దం ఎక్కువ దూరం పోదు, అడ్డొస్తే ఆగిపోతుంది. ఆ లోపమే ఇక్కడ వరం. డిష్‌ను రోడ్డువైపు ఇన్సులేటర్ మీదికి తిప్పితే ఏమీ లేదు. నడిమి దాని మీద ఏమీ లేదు. కాలవవైపు దాని మీదికి తిప్పగానే ఆవాలు చిటపటలాడాయి. వేలెడు జరిపితే ఆగిపోయాయి. గట్టు దిగి మరో రెండు వైపుల నుంచీ చూశారు. అదే ఇన్సులేటర్. ఇన్సులేటర్ లోపల పగిలితే ఈ డిష్ పట్టలేదని, వినిపించింది కాబట్టి సందు బయటే ఉందని చెప్పారు.

ఆ రాత్రి ఆయన కరెంటాఫీసు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారికి రాసిన కాగితం ఒక్క పేజీ. అందులో ఫిర్యాదు లేదు. స్తంభం నంబరు, ఏ పక్క ఇన్సులేటర్, బైండింగ్ దగ్గర సందు ఉన్నట్టు అనుమానం, ఏ వాతావరణంలో వస్తుంది, రెండు గీతల బొమ్మలు. చివర ఒక వాక్యం: ఇది మా రేడియోకి ఇబ్బంది, మీ లైనుకి రేపటి బ్రేక్‌డౌన్. చదివినవాడికి ఏం చెయ్యాలో వెతుక్కునే పని మిగల్చలేదు.

నాలుగు రోజుల తర్వాత లైన్‌మ్యాన్ వచ్చాడు, పాతికేళ్ల కుర్రాడు. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకున్నాడు, లైనును విడదీసే ఏబీ స్విచ్ తెరిచాడు, డిశ్చార్జ్ రాడ్ తగిలించాడు. స్విచ్ తెరవగానే నా చేతిలో రిసీవర్ మూగబోయింది. ‘పోయింది మాస్టారూ’ అన్నాను. ‘స్విచ్ అవతల లైనంతా చచ్చింది. డీటీఆర్ దగ్గరిదీ పోయింది. రుజువు ఇంకా రాలేదు’ అన్నారు. కుర్రాడు పైకెక్కి కాసేపటికి కేకేశాడు: ‘గురువుగారూ, బైండింగ్ ఒక చుట్టు తెగిపోయిందండీ. గాడిలో నల్లగా మాడింది. తీగ మీద తెల్లపొడి.’ పాత కట్టు విప్పి, గాడి తుడిచి, కొత్త తీగతో చుట్టు మీద చుట్టు వేసి బిగించాడు. అదీ పనితనమే. మాస్టారు కింద నుంచి ఒక్కో చుట్టునూ చూస్తూ నిలబడ్డారు.

లైను ఛార్జ్ చేశాక స్తంభం కింద తెర మీద ఏడూ లేవు, నాలుగూ లేవు. అప్పుడు రుజువొచ్చింది. కుర్రాడు డిష్ వైపు చూస్తుంటే మాస్టారు అతన్ని డీటీఆర్ దగ్గరికి తీసుకెళ్లి, ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టి, ‘బాబూ, డీటీఆర్ వైపు తిప్పి చూడు’ అన్నారు. అతను తిప్పాడు. కళ్లు పెద్దవయ్యాయి. ‘ఇదీ ఉందండీ! మళ్లీ ఎల్‌సీ తీసుకున్నప్పుడు దీన్ని కూడా చూస్తానండీ’ అన్నాడు. మాస్టారు ఆ రోజు పక్కన పెట్టిన స్తంభం నంబరున్న చీటీ చింపి అతని చేతికిచ్చారు.

ఇంటికొచ్చి రేడియో పెడితే ముల్లు 3కి పడిపోయింది. ఎక్కడి గొంతులో పైకి తేలాయి. మాస్టారు మాత్రం 21 మెగాహెర్ట్జ్‌కి తిప్పి, ఎవరూ మాట్లాడని చోట ఆపి, యాంటెన్నా ప్లగ్గు లాగారు. మిగిలిన సన్నటి హోరు తగ్గింది. ప్లగ్గు పెట్టారు, పెరిగింది. మళ్లీ లాగారు, తగ్గింది. పెట్టారు, పెరిగింది.

‘ఇది రిగ్‌లోది కాదు, బయట నుంచే వస్తోంది. ఏమిటి చెప్పు?’ అన్నారు. నాకు తెలియలేదు. ఆయన కార్ల్ జాన్‌స్కీ కథ చెప్పారు. అమెరికాలో బెల్ ల్యాబ్స్ ఆ యువ ఇంజనీరుకి అప్పగించింది కూడా రొద వెతికే పనే. సముద్రాల మీదుగా వెళ్లే రేడియో టెలిఫోనుకి అడ్డుపడే చప్పుళ్లు ఎక్కడివో తేల్చాలి. న్యూజెర్సీలోని హోమ్‌డెల్ పొలాల్లో ఫోర్డ్ మోడల్-టీ చక్రాల మీద 30 మీటర్ల పొడవున యాంటెన్నా కట్టి, 20 నిమిషాలకొక చుట్టు తిప్పుతూ, 20.5 మెగాహెర్ట్జ్ దగ్గర నెలల తరబడి విన్నాడు. దగ్గరి ఉరుములు ఒక జాబితా, దూరపు ఉరుములు ఒక జాబితా. ఆ రెంటిలోనూ ఇమడని సన్నటి హోరు ఒకటి మిగిలింది. అది రోజుకొకసారి వచ్చేది, కానీ 24 గంటలకు కాదు, 23 గంటల 56 నిమిషాలకు. అది నక్షత్రాల రోజు. పాలపుంత నడిమి భాగమున్న ధనూరాశి దిక్కు నుంచి ఆ హోరు వస్తోందని 1933లో లోకానికి చెప్పాడు. రేడియో ఖగోళశాస్త్రం అలా పుట్టింది. అతనూ మూలం తెలిసిన ప్రతి చప్పుడునూ గుర్తుపట్టి పక్కన పెట్టుకుంటూ వెళ్లాడు. పెద్ద చప్పుడు దగ్గరే ఆగిపోయి ఉంటే ఆ చివరిది వినిపించేదే కాదు.

జాన్‌స్కీ విన్నచోటికి మన 21 మెగాహెర్ట్జ్ బ్యాండు కూతవేటు దూరం. ఈ ఫ్రీక్వెన్సీల్లో మనిషి రొద సద్దుమణిగిన చోట, ఉరుములు లేని వేళ, యాంటెన్నాకు అందే హోరులో పెద్ద వాటా పాలపుంతదే. గట్టు మీద తెగిన ఒక చుట్టు బైండింగ్ దాన్ని ఇన్నాళ్లూ నాకు వినపడనివ్వలేదు.

మాస్టారు ఈసారి ప్లగ్గు లాగలేదు. నోటుపుస్తకం తెరిచి వేళ రాశారు, ముల్లు 3 అని రాశారు. రొద మూలం అని ఉన్న గడిలో ఇన్ని రోజులుగా స్తంభాల నంబర్లే ఉన్నాయి. ఆ రాత్రి ఆ గడిలో ఆయన ‘ఆకాశం’ అని రాశారు.